తొలిచూపు, మలిచూపు: వీక్షణ సాధనాలు – తెలుగు సినిమా సమీక్షా పరిణామం

వ్యాససంగ్రహం: సినిమా సమీక్ష రూపాన్ని నిర్ణయించేవి సమీక్షకుని అభిరుచి, దృక్పథం మాత్రమే కావు. చిత్రాన్ని ఎక్కడ చూశాడు, ఎన్నిసార్లు చూడగలిగాడు, చూసిన ఎంతసేపటికి రాయవలసి వచ్చింది అన్న భౌతిక పరిస్థితుల పాత్ర కూడా అందులో గణనీయమైనది. థియేటర్, వీడియో క్యాసెట్, డిస్క్, ఓటీటీ అనే వీక్షణ సాధనాల క్రమంలో తెలుగు సినిమా సమీక్ష మారిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: సినిమా సమీక్ష, పత్రికలు, హోమ్ వీడియో, ప్రవాసాంధ్రులు, ఓటీటీ, పునర్మూల్యాంకనం.

1. పుట మిగిలింది, చిత్రం మిగల్లేదు

తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రతి నేడు లభ్యం కావడం లేదు. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వం వహించిన ఆ చిత్రం 1931 సెప్టెంబరు 15న విడుదలైందన్న మాట దశాబ్దాలపాటు ఒక పుస్తకం నుంచి మరో పుస్తకానికి పాకుతూ వచ్చింది. సీనియర్ పాత్రికేయులు రెంటాల జయదేవ సెన్సారు వివరాలను, నాటి పత్రికలలోని సమాచారాన్ని వెలికితీసి, చిత్రం 1932 జనవరి 22న సెన్సారు పూర్తిచేసుకొని, ఫిబ్రవరి 6న బొంబాయిలోని కృష్ణా సినిమాలో విడుదలైందని తేల్చారు. చిత్రమే లేనప్పుడు దానిని గురించి అచ్చయిన నాలుగు పంక్తులు చరిత్రకు ఎంత విలువైనవో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

అయినప్పటికీ తెలుగు పరిశోధనలో సినిమా సమీక్షకు దక్కిన స్థానం పాదసూచికకు మించలేదు. ‘పత్రికలు మెచ్చుకొన్నాయి’, ‘విమర్శకుల ప్రశంసలు పొందింది’ వంటి వాక్యాలు సిద్ధాంత గ్రంథాలలో తరచుగా కనిపిస్తాయి. ఏ పత్రిక, ఏ తేదీన, ఎవరు రాశారు అన్న వివరం ఉండదు. పుస్తక సమీక్ష విషయంలో ఈ లోపాన్ని కొంత సరిదిద్దుకోవచ్చు. సమీక్షకుడు పొరబడితే పుస్తకం తెరిచి సరిచూసుకోవచ్చు. తొలి దశాబ్దాల సినిమాకు ఆ వీలు చాలా సందర్భాలలో లేదు. కాబట్టి సమీక్షను ఆధారంగా స్వీకరించేముందు సమీక్షకుడు ఆ చిత్రాన్ని ఎలా చూశాడన్న ప్రశ్న వేసుకోవడం అవసరం.

2. ఒక్కసారి చూసి రాసిన కాలం

వారపత్రికల కాలంలో సమీక్షకుడు చిత్రాన్ని సాధారణంగా ఒకేసారి, హాలులో, ప్రేక్షకుల మధ్య చూసి జ్ఞాపకం మీద ఆధారపడి రాసేవాడు. అతనికి అందుబాటులో ఉన్న లిఖిత ఆధారం పాటల పుస్తకం. నటీనటుల పేర్లు, పాటలు, సగం కథ అందులో ఉండేవి. మిగిలిన కథను ‘వెండితెరపై చూడండి’ అంటూ ఆ పుస్తకాలు ఆపివేసేవి. ప్రింట్లు తక్కువ కావడంతో విజయవాడ, గుంటూరు, రాజమండ్రి వంటి విడుదల కేంద్రాలలో ఆడిన తరువాత గానీ చిత్రం చిన్న ఊళ్లకు, అక్కడి నుంచి టూరింగ్ టాకీసులకు చేరేది కాదు. పత్రిక మాత్రం ముందే చేరేది. అంటే చాలామంది పాఠకులు సమీక్షను చదివిన కొన్ని వారాలకో నెలలకో చిత్రం చూసేవారు. కొందరు చదవడంతోనే సరిపెట్టుకొనేవారు.

పాత సమీక్షలలో కథాసంగ్రహం సగం స్థలాన్ని ఆక్రమించడాన్ని నేటి పాఠకుడు లోపంగా భావిస్తాడు. పై పరిస్థితిని గుర్తుంచుకొంటే అది పాఠకుని అవసరం నుంచి పుట్టిన లక్షణమని అర్థమవుతుంది. చూడనివారికి చూపించే బాధ్యతను ఆ గద్యం మోసింది. అదే సమయంలో సంభాషణలను ఉన్నదున్నట్లు ఉదాహరించడం, దృశ్య క్రమాన్ని కచ్చితంగా పేర్కొనడం ఆ సమీక్షకునికి కష్టసాధ్యం. అందువల్ల ఆ కాలపు సమీక్షను కథ, పాత్రలు, హాలులోని స్పందన విషయంలో నమ్మవచ్చు గానీ, దృశ్య నిర్మాణ వివరాల విషయంలో జాగ్రత్తగా వాడుకోవాలి.

ఈ పరిమితులలోనే ఇద్దరు రచయితలు సమీక్షకు సాహిత్య గౌరవం తెచ్చారు. కొడవటిగంటి కుటుంబరావు తమ సినిమా వ్యాసాలలో చిత్రాన్ని ప్రేక్షకుల అభిరుచితో, సామాజిక ప్రయోజనంతో ముడిపెట్టి చర్చించారు. 1950లలో ఆంధ్రపత్రికలో పనిచేసిన ముళ్లపూడి వెంకటరమణ హాస్యాన్ని, వెటకారాన్ని సాధనాలుగా చేసుకొన్నారు. సినీరంగంపై వ్యంగ్య రచన ‘విక్రమార్కుని మార్కు సింహాసనం’ కూడా ఆయనదే. ఆయన ‘రక్తసంబంధం’ (1962) చిత్రానికి సంభాషణలు రాయడంతో, సమీక్షకుడు పరిశ్రమలో భాగమయ్యారు. తెలుగు సినిమాకు అది లాభమే. సమీక్షకు మాత్రం నష్టమని చెప్పక తప్పదు. అంత పదునైన కలం ఆ స్థానంలో మళ్లీ త్వరగా కనిపించలేదు.

అసలు పత్రికకు, పరిశ్రమకు మధ్య గోడ ఎప్పుడూ పలుచనిదే. విజయా సంస్థ అధినేతలే 1966లో ‘విజయచిత్ర’ను ప్రారంభించారు. ఈనాడు సంస్థ 1976లో ‘సితార’ను తెచ్చింది, అదే సంస్థాధిపతి నిర్మించిన ‘శ్రీవారికి ప్రేమలేఖ’ 1984లో విడుదలైంది. ఈ పత్రికలు చేసిన మేలు తక్కువది కాదు. అయితే నిర్మాత ఇచ్చే ప్రకటన పక్కపుటలోనే సమీక్ష అచ్చయ్యే చోట మౌనం కూడా ఒక అభిప్రాయమేనని పరిశోధకుడు గుర్తించాలి.

3. క్యాసెట్ వచ్చినా సమీక్ష కదలలేదు

1982 ఢిల్లీ ఆసియా క్రీడలతో పాటు రంగుల టెలివిజన్, ఆ వెంటే వీడియో క్యాసెట్ రికార్డర్లు వ్యాపించాయి. పట్టణాలలో వీడియో పార్లర్లు, అద్దె క్యాసెట్ల దుకాణాలు వెలిశాయి. దూరప్రయాణపు బస్సులకు ‘వీడియో కోచ్’ అన్న పేరు వచ్చింది. దొంగ క్యాసెట్ల బెడద ఎంత పెరిగిందంటే, 1984లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, వీడియో చిత్రాలపై సెన్సారు ధ్రువపత్రం, నిర్మాత వివరాలు చూపడాన్ని తప్పనిసరి చేయవలసి వచ్చింది. యాదృచ్ఛికమే అయినా, ఉత్తమ సినీ విమర్శకునికి జాతీయ పురస్కారం మొదలైందీ 1984 సంవత్సరపు చిత్రాల పురస్కారాలతోనే. (తెలుగు విమర్శకులు పురుషోత్తమాచార్యులు ఆ గౌరవం అందుకొన్నది 2021 సంవత్సరానికి.)

చూసే విధానం ఇంతగా మారినా పత్రికలలో సమీక్ష థియేటర్ గుమ్మం దగ్గరే నిలిచిపోయింది. క్యాసెట్‌పై వచ్చిన చిత్రాన్ని మళ్లీ పరిశీలించే శీర్షిక తెలుగు పత్రికలలో స్థిరపడలేదు. పరిశ్రమ దృష్టిలో క్యాసెట్ శత్రువు. దానిని గుర్తించడమంటే దొంగతనాన్ని గుర్తించడమే అన్న భావన ఇందుకు ఒక కారణం కావచ్చు. ఫలితంగా విరామమీటను నొక్కి, వెనక్కి తిప్పి చూసే తొలి తరం ప్రేక్షకుల అనుభవం దాదాపు అలిఖితంగానే మిగిలింది. అమెరికాలో భారతీయ కిరాణా దుకాణాల నుంచి అద్దెకు తెచ్చిన క్యాసెట్లలో తెలుగు సినిమా చూసిన ప్రవాసాంధ్రుల అనుభవమూ ఇలాంటిదే. ఇక్కడ చిత్రం ఆడి వెళ్లిపోయిన తరువాత, అరిగిన నకలులో, అందరికంటే ఆఖరున చూసినవారు వారు.

మలిచూపు సమీక్షకు అక్షరరూపం దొరకడానికి డిస్క్ రావలసి వచ్చింది. 2007లో మోజర్ బేర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మకానికి తేవడంతో చిత్రాన్ని సొంతం చేసుకోవడం మధ్యతరగతికి సులభమైంది. 2008లో మొదలైన ‘నవతరంగం’ వెబ్ పత్రికలో సినిమాను ఒక కళారూపంగా తీసుకొని షాట్, కూర్పు, ధ్వని గురించి తీరికగా చర్చించే వ్యాసాలకు చోటు దొరికింది. ఆ రచయితలు వెనుకటివారికంటే ఎక్కువ తెలిసినవారని కాదు. తాము చెప్పదలచిన దృశ్యాన్ని నాలుగుసార్లు చూసుకొనే సౌకర్యం వారికి ఉంది. కుటుంబరావు దగ్గర డీవీడీ ఉండి ఉంటే అన్న ఊహ ఇక్కడ అప్రస్తుతం కాదు.

4. ఆఖరివారు మొదటివారైన వేళ

డిస్క్ సమీక్షకు తీరికనిచ్చిన కాలంలోనే ఇంటర్నెట్ దానికి తొందరను నేర్పింది. 1999లో మొదలైన ఐడిల్‌బ్రెయిన్ ఐదు మార్కుల రేటింగును తెలుగు సినీ సంభాషణలో భాగం చేసింది. తరువాత వచ్చిన సైట్లు అదే బాట పట్టాయి. ఈ క్రమంలో అమెరికాలోని ప్రీమియర్ ప్రదర్శనలు అసలైన మలుపు. శీతకాలంలో న్యూజెర్సీలో గురువారం సాయంత్రం 6 గంటలకు మొదలైన ఆట, మన కాలమానంలో శుక్రవారం తెల్లవారుజామున 4.30కి మొదలైనట్లు లెక్క. రెండున్నర గంటల చిత్రం ముగిసేసరికి ఇక్కడ ఉదయం 7 గంటలు. హైదరాబాదులో ఉదయపు ఆటకు టికెట్ కొనుక్కొన్నవాడు హాలుకు బయలుదేరేలోపే సమీక్ష చదువుతున్నాడు. ఒకనాడు అరిగిన క్యాసెట్‌లో అందరికంటే ఆలస్యంగా చూసిన ప్రవాసాంధ్రుడు నేడు తొలి ప్రేక్షకుడై, ఇక్కడివారి అభిప్రాయాన్ని ముందుగా మలచగలుగుతున్నాడు. వీక్షణ సాధనాల చరిత్రలో ఇంతటి తలకిందులు మరొకటి లేదు.

ఈ తొందర ముందుగా భాషపై ముద్ర వేసింది. ‘ప్లస్ పాయింట్స్’, ‘మైనస్ పాయింట్స్’, ‘సాంకేతిక విభాగం’, ‘తీర్పు’ అన్న గళ్లు ముందే సిద్ధంగా ఉంటాయి; చిత్రం పేరు మాత్రం మారుతుంది. ‘సెకండాఫ్‌లో ల్యాగ్ ఉంది’, ‘ఒకసారి చూడవచ్చు’ అన్నవి పారిభాషిక పదాల స్థాయికి చేరాయి. ‘ఒకసారి చూడవచ్చు’ అన్న మాట సాహిత్య విమర్శలో అర్థరహితం. ఒక కావ్యాన్ని ఒకసారి చదవవచ్చని ఏ విమర్శకుడూ తీర్పు చెప్పడు. అది టికెట్ ధరకు సంబంధించిన సలహా. 2.75 వంటి పావు మార్కుల అంకెలు కూడా సంక్లిష్టమైన అభిప్రాయానికి సంకేతాలుగా కాక, ఎవరినీ నొప్పించని మధ్యేమార్గాలుగానే ఎక్కువగా పనిచేస్తున్నాయి.

సమీక్ష తూకం ఇలా తొలిరోజు వసూళ్లతో ముడిపడటంతో అది న్యాయస్థానాల వరకు వెళ్లింది. విడుదలైన తొలి 48 గంటలు సమీక్షలకు దూరంగా ఉండాలని 2024 మార్చిలో కేరళ హైకోర్టుకు అందిన అమికస్ క్యూరీ నివేదిక వ్లాగర్లకు సూచించింది. అదే ఏడాది నవంబరులో తమిళ నిర్మాతల సంఘం ఒకటి థియేటర్ ఆవరణలోకి యూట్యూబ్ ఛానళ్లను అనుమతించవద్దని యాజమాన్యాలను కోరింది. నిర్మాత నష్టం నిజమే. కానీ కొనుగోలుదారు టికెట్ కొనే సమయంలోనే అభిప్రాయానికి విలువ ఉంటుంది. మూడోరోజు వచ్చే హెచ్చరిక మొదటిరోజు ప్రేక్షకునికి పనికిరాదు. కొత్త ఆంక్షలకంటే, డబ్బు తీసుకొని రాసిన సమీక్షను ఆ సంగతి చెప్పి ప్రచురించాలన్న నియమం న్యాయసమ్మతంగా కనిపిస్తుంది.

5. ఒకే గంటలో అందరూ

2020లో థియేటర్లు మూతపడినప్పుడు ఈ అమరిక మరోసారి మారింది. ఆ ఏప్రిల్ 29న ‘అమృతరామం’ నేరుగా ఓటీటీలో విడుదలైంది. సెప్టెంబరు 5న నాని నటించిన ‘వి’ అమెజాన్ ప్రైమ్‌లో వచ్చింది. సమీక్షకుడూ పాఠకుడూ ఒకే క్షణంలో, తమ తమ ఇళ్లలో, అదే చిత్రాన్ని చూడటం తెలుగు సినిమాకు కొత్త. కథాసంగ్రహం అవసరం లేదు. టికెట్ సలహాకూ అర్థం లేదు. సమీక్షకుడు విశ్లేషకునిగా మారక తప్పని సందర్భమది. అయితే గళ్ల నమూనా మారలేదు. రేటింగు అలాగే కొనసాగింది. పైగా హాలులోని నవ్వు, ఈల, నిశ్శబ్దం అన్నవి లేకపోవడంతో, ఒంటరిగా చూసినవాడు ‘ప్రేక్షకులకు నచ్చుతుంది’ అని రాయడానికి ఆధారమే లేకుండా పోయింది. ఆహాలో విడుదలైన ‘కలర్ ఫోటో’ (2020) తరువాత ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. దానికి థియేటర్ తొలిచూపు అన్నదే లేదు.

మలిచూపు బలాన్ని చూపే మరో వరుస చిత్రాలున్నాయి. 2010లో విడుదలైన ‘ఆరెంజ్’, ‘ఖలేజా’ రెండూ థియేటర్లలో నిరాశపరిచాయి. టెలివిజన్ ప్రసారాలలో కొత్త తరానికి చేరువై, మొదటిది 2023లో, రెండవది 2025లో మళ్లీ హాళ్లకు వచ్చి ఆదరణ పొందాయి. నాటి సమీక్షలు తప్పని దీనినిబట్టి తేల్చడం తొందరపాటు. విడుదల వేళ తారపై ఉన్న అంచనాలకు, పదేళ్ల తరువాత ఇంట్లో పదోసారి చూసే చూపుకు కొలమానాలు వేరు. ఆ తేడాను నమోదు చేయాలంటే 2010 నాటి సమీక్ష రాసినది రాసినట్లుగా దొరకాలి.

చిక్కు అక్కడే ఉంది. వేటపాలెం సారస్వత నికేతనంలో పాత పత్రికల సంచికలు బైండుచేసి ఉన్నాయి. ప్రెస్ అకాడమీ చొరవతో ఆంధ్రపత్రిక వంటి పత్రికల పుటలు డిజిటల్ రూపంలోకి వచ్చాయి. ముళ్లపూడి సమీక్షలు ‘సినీరమణీయం’ సంపుటాలుగా పుస్తకరూపం పొందాయి. అచ్చయిన వాక్యాన్ని ఆ తరువాత ఎవరూ దిద్దలేరు. వెబ్ పుటలో మధ్యాహ్నానికి రేటింగు మారవచ్చు, నెలకు వాక్యం మారవచ్చు, సైటు మూతపడితే మొత్తం మాయం కావచ్చు. మార్చిన తేదీ సాధారణంగా కనిపించదు. 1932 ఫిబ్రవరిలో బొంబాయిలో ఏం జరిగిందో పత్రికా పుట ఆధారంగా నిర్ధారించగలిగాం. 2020 సెప్టెంబరు 5 ఉదయం ‘వి’ని గురించి తెలుగులో మొదట ఏం రాశారో నిర్ధారించడానికి ఏ గ్రంథాలయంలోనూ ఒక కట్ట లేదు.