తుపాకిబల్ల పుట్టుపూర్వోత్తరములు

అమెరికాదేశపు ఈశాన్య రాష్ట్రములలో పచ్చికబయళ్లయందు బొరియలు త్రవ్వుకొని నివసించు వుడ్‌చక్ అను జంతువుతో రైతులకు గల వైరము నేటిది కాదు. అది పశుగ్రాసమును, తోటలోని కూరలను తినివేయుటయే గాక, దాని బొరియలలో దిగబడి గుఱ్ఱముల కాళ్లు విరుగుచున్నవని వారు మొఱపెట్టుకొనుచుండగా, న్యూహాంప్‌షైర్ శాసనసభ 1883లో ఇందులకై ఒక విచారణసంఘమును నియమించి, చంపిన యొక్కొక్క వుడ్‌చక్‌కు పది సెంట్ల బహుమానమును ఏర్పరచెను. మన పొలములలో మంచెయెక్కి వడిసెల త్రిప్పు కావలివాని పని యెట్టిదో అచటి పల్లెపిల్లవాండ్ర పనియు మొదట అట్టిదే: పొలిమేర రాతిగోడపై కోటు మడిచి, దానిపై తుపాకి నానించి, జంతువు బొరియవాకిట నిక్కి చూచువఱకు కదలక వేచియుండుట. నేడు వేటగాండ్రు బండిలో వేసికొనిపోవు మడతకాళ్ల తుపాకిబల్ల ఆ రాతిగోడకు వారసురాలు.

అయితే తుపాకిని బల్లమీద నిలిపి కాల్చు శాస్త్రము మాత్రము పంటకావలిలో పుట్టినది కాదు. పంతొమ్మిదవ శతాబ్దియందు వెర్మాంట్ రాష్ట్రములోని బెలోస్‌ఫాల్స్‌లో నార్మన్ బ్రాక్‌వే వంటి పనివాండ్రు, మూతినుండి మందు కూరెడు గొప్ప బరువైన రైఫిళ్లను నిర్మించిరి. వానిని చేతబట్టి కాల్చుట యలవికాదు గనుక, భూమిలో గట్టిగా పాతిన బల్లలపై నుంచి కాల్చుచుండిరి. మనుష్యుని శ్వాస, నాడీస్పందనము, కండరముల యలసట అనువానిని తుపాకినుండి వేఱుచేసి, మిగిలిన దోషము గొట్టముదో, తూటాదో, మందుదో తేల్చుకొనుటయే ఆ బల్ల ప్రయోజనము. అది మొదట వేటసాధనము కాదు, కొలతసాధనము. ఈ సంగతి మఱచినచో దాని తరువాతి చరిత్ర యేదియు బోధపడదు.

1930లో వించెస్టర్ కంపెనీ .22 హార్నెట్ తూటాను, 1935లో సెకనుకు నాలుగువేల యడుగులు మించిన వేగముగల .220 స్విఫ్ట్‌ను విపణికి తెచ్చినంతట, చిన్నజంతువుల వేటగాండ్రకు రెండుమూడువందల గజముల దూరము లెక్కలోనిది కాకపోయెను. అంత దూరమున పిడికెడంత గురిని కొట్టవలెనన్న తమ తుపాకి యెంత నిక్కమైనదో ముందుగా తెలియవలెను. కావున న్యూయార్కు రాష్ట్రవాసి హార్వీ డోనాల్డ్‌సన్ మున్నగువారు స్వహస్తములతో తూటాలు కూర్చుకొని, బల్లముందు కూర్చుండి, కాగితముపై పడిన రంధ్రములలో దూరపు రెంటి నడుమ ఎడమును కొలుచుకొనసాగిరి. 1947లో ఆ రాష్ట్రమందలి జాన్స్‌టౌన్‌లో బల్లపై గురిపందెములు నడపుటకై వీరికొక సంఘమేర్పడెను. 1951లో జాతీయసంఘము వెలసెను. రెమింగ్టన్ కంపెనీలోని మైక్ వాకర్ రూపొందించగా 1950లో వెలువడిన .222 తూటా బహుకాలము పందెములలోను పొలములలోను సమానముగా రాణించినది; రెండు చోట్లను కాల్చినవారు చాలవఱకు ఒక్కరే కదా!

పందెపుమైదానములోని బల్ల సిమెంటుది, కదలనిది. దానిని పొలమునకు కొనిపోగోరినవారు మూడుకాళ్ల బల్లలను చేసికొనిరి. మూడుకాళ్లది యెట్టి మిట్టపల్లపు నేలపైనను ఊగక నిలుచును. పలక నొకవైపు మనిషి శరీరమిముడునట్లు కోసి, కాళ్లు ఊడదీయుటకో మడచుటకో వీలుగా అమర్చి, కొందఱు నలుదెసలకు త్రిప్పుకొనుటకు పీటను సైతము చేర్చిరి. ముందు ఇసుకసంచిపై తుపాకి నడుము, వెనుక మఱియొక చిన్నసంచిపై మడమ. ఎడమచేతితో వెనుకసంచిని నొక్కినచో గురి వెండ్రుకవాసి పైకో క్రిందికో జరుగును.

ఈ బల్లకు తగిన నేల పశ్చిమమైదానములలో దొరకెను. ఉడుతల కుటుంబమునకు చెందిన ప్రెయిరీ డాగ్‌లు అచట పట్టణములవలె విస్తరించి యుండెను; ఒక్క టెక్సాస్‌లోని వాని యొక నివాసమే ఇరువదియైదువేల చదరపుమైళ్లు వ్యాపించినదని ఇరువదవ శతాబ్దారంభమున జంతుశాస్త్రజ్ఞుడు హార్ట్ మెర్రియమ్ అంచనావేసెను. రెండువందల యేబదియాఱు జంతువులు ఒక ఆవు మేతను తినునని ఆయన వేసిన లెక్క పశుపోషకుల నోట మంత్రమైనది. తత్ఫలితముగా ప్రభుత్వమే స్ట్రిక్‌నిన్ విషమును ధాన్యమునకు పట్టించి లక్షలాది యెకరములపై చల్లించెను. ఆ జంతువులున్నచోట గడ్డి పొట్టిదైనను పోషకమైనదనియు, నష్టము చెప్పినంత లేదనియు తరువాతి పరిశోధకులు కనుగొనిరి.

నిజమునకు ఆ జంతువుల మహానాశమునకు కారణము విషమును, సేద్యమును, వ్యాధియును గాని బల్ల కాదు. అయినను బల్ల ఒకదానిని హరించినదని నా విశ్వాసము: రాతిగోడచెంత పల్లెపిల్లవాడు తన పొలమునకు కీడుచేసిన యొక్క జంతువు కొఱకు వేచియుండెను, ఈ మైదానములలో బల్లచెంత గొట్టము కాగి దుర్భిణిలో ఎండమావులు తోచువఱకు, ఎవరికేమి కీడు జరిగినదో యెఱుగకయే, మనుష్యుడు కూర్చున్నచోటనుండియే చంపుచుపోవును. కొలతకై పుట్టిన వస్తువునకు ఇది తగిన వినియోగము కాదు.

ప్రెయిరీ డాగ్‌లపై బ్రతుకు నల్లకాళ్ల ఫెరెట్ అను జంతువు నశించినదని లోకమెల్ల నమ్మియుండగా, 1981లో వ్యోమింగ్‌లోని మీటీట్సీ చెంత ఒక పెంపుడుకుక్క దానినొకదానిని చంపి యింటికి తెచ్చుటచే దాని యునికి తెలిసెను. 1987 నాటికి మిగిలిన పదునెనిమిదింటిని పట్టి పెంచి, సంతతిని మరల మైదానములలో విడిచిరి. అట్లు విడిచిన చోట్లలో నొకటియగు దక్షిణ డకోటాలోని కొనాటా బేసిన్‌నందలి ప్రభుత్వభూములలో ప్రెయిరీ డాగ్‌లను కాల్చుట నిషిద్ధము.