తీగల చప్పుడు

మా అమ్మాయి పుట్టినరోజుకి మా తమ్ముడు ఓ అట్టపెట్టె పంపాడు. విప్పితే బూడిదరంగు ప్లాస్టిక్ ముక్కలు. అన్నీ అతికిస్తే పాతకాలపు యుద్ధవిమానం అవుతుందట, ఒకదానిపైన ఒకటి రెండు వరసల రెక్కలతో. "సగం నువ్వు చెయ్యమ్మా, కుట్లు అల్లికలు వచ్చినదానివి" అని నా ముందు పెట్టింది. అసలు సంగతి వేరే. అది ఇంటర్ రెండో ఏడు. ఎన్డీయే పరీక్ష రాసి పైలట్ అవుతానంటోంది. 2022 నుంచి అక్కడ అమ్మాయిల్ని తీసుకుంటున్నారు. మావారు సరేనన్నారు. నేనే ఊ అనలేదు. మేనమామ, మేనకోడలు కలిసి ఆడిన నాటకం ఇదని నాకు తెలుసు.

విమానం పేరు పో-2. సోవియట్ దేశానిది. డిజైన్ చేసిన పోలికార్పోవ్ 1944లో పోయాక ఆయన పేరు పెట్టారు. అంతకుముందు యు-2 అనేవారు, అంటే శిక్షణ విమానం. కర్రా గుడ్డా చుట్టిన ఒళ్లు, వంద గుర్రాల ఇంజను, పైకప్పు లేని రెండు సీట్లు. పొలాలకి మందు చల్లడానికీ ఇదే. మా బొమ్మ దానికి 48వ వంతు. ఈ కొస నుంచి ఆ కొసకి రెక్కలు జానెడు.

నెయిల్ కట్టర్‌తో ముక్కలు తుంపి, నెయిల్ ఫైల్‌తో అంచులు నున్నగా చేసి అతికించాను. పైన ఆకుపచ్చ, అడుగున లేతనీలం. రంగు ఆరాకే పై రెక్క ఎక్కించాలి, ముందే ఎక్కిస్తే కుంచె దూరదు. ఇక్కడిదాకా వంటింటి ఓపిక చాలు.

కష్టమంతా తీగలతోనే. రెండు రెక్కల మధ్య ఏటవాలుగా, ఒకదాన్నొకటి దాటుతూ బిగించిన తీగలుంటాయి, అవి లేకపోతే రెక్కలు నిలవవు. ముక్కలు తుంపాక మిగిలిన ప్లాస్టిక్ పుల్లని కొవ్వొత్తి సెగమీద మెత్తబరచి, పక్కకి తీసి రెండు చేతులా లాగితే వెంట్రుకంత పోగు వస్తుంది. దాన్ని కొలిచి కత్తిరించి, గుండుసూది మొనతో జిగురు అద్ది అంటించాలి. వదులైతే అగరువత్తి సెగ దగ్గరగా చూపిస్తే చాలు, బిగుసుకుంటుంది. తగిలిందా, తెగిపోయిందే. నాలుగు తెగ్గొట్టుకున్నాను లెండి.

ఆ తీగల గురించే అమ్మాయి చదివి చెప్పింది. 1941లో మరీనా రస్కోవా అనే ఆవిడ స్టాలిన్ దగ్గర అనుమతి తెచ్చుకుని ఆడవాళ్ల దళాలు మూడు తయారుచేసింది. అందులో 588వ దళానికి ఈ విమానాలిచ్చారు. పగలు ఎగిరితే ఇట్టే దొరికిపోతాయి. అందుకని రాత్రిపూటే. లక్ష్యం దగ్గరికొచ్చాక ఇంజను చప్పుడు బాగా తగ్గించేసి, గాల్లో జారుతూ వచ్చి బాంబులు వేసేవాళ్లు. అప్పుడు కింద జర్మన్ సైనికులకి వినిపించేది ఈ తీగల మధ్య గాలి రొద ఒక్కటే. మంత్రగత్తెల చీపురు చప్పుడులా ఉందని వాళ్లకి 'రాత్రి మంత్రగత్తెలు' అని పేరు పెట్టారు. మోయగలిగింది కొద్దిగా కాబట్టి ఒక్కో రాత్రి ఎనిమిదిసార్లు, ఇంకా ఎక్కువసార్లు కూడా వెళ్లొచ్చేవాళ్లు. మొత్తం 23 వేలకు పైగా దాడులు. మగవాళ్ల కొలతల బూట్లిస్తే గుడ్డలు కుక్కుకుని తొడుక్కున్నారు.

వెనక సీటు అతికిస్తుంటే యెవ్గేనియా రుద్నెవా సంగతి చెప్పింది. మాస్కోలో ఖగోళశాస్త్రం చదువుతూ యుద్ధానికి వచ్చింది. ముందు సీటులో నడిపే అమ్మాయికి వెనక నుంచి దారి చెప్పేది. 1944 ఏప్రిల్‌లో కెర్చ్ దగ్గర విమానం కూలి చనిపోయింది. 23 ఏళ్లు. అంతకుముందు 1943 జులై ఆఖరి రాత్రి నాలుగు విమానాలు కూలాయి. ఎనిమిదిమంది అమ్మాయిలు. బరువని, వీళ్లు చాలాకాలం పారాచూట్లు కూడా పెట్టుకోలేదు.

"ఇది నన్ను ఒప్పించడానికి చెప్తున్నావా, భయపెట్టడానికా?" అన్నాను.

"రెండూ తెలియాలిగా అమ్మా. నేనూ రెండూ చదివాకే అడిగాను."

నేనేమీ అనలేదు. వాళ్ల అమ్మల గురించి ఎవరైనా రాశారేమోనని మాత్రం అనిపించింది. వాళ్లూ ఎవరో ఒకరు స్టేషన్‌కి వెళ్లి సాగనంపే ఉంటారు కదండీ.

రాత్రి పదకొండయింది. ఆఖరి తీగకి అగరువత్తి చూపించాను. బిగిసింది. అమ్మాయి వంగి రెక్కల మధ్య మెల్లిగా ఊదింది, చప్పుడేమైనా వస్తుందేమోనని. ఏమీ రాలేదు.

"దరఖాస్తుకి ఆఖరి తేదీ ఎప్పుడు?" అని అడిగాను.

"వచ్చే మంగళవారం" అంది, తలెత్తకుండానే.