ఉద్యోగం వచ్చాక కూడా అమ్మానాన్నలతోనే ఉండాలా? నోయిడా ఏం చెబుతోంది

చేతికి అందివచ్చిన కొడుకో, కూతురో పెళ్లయ్యేదాకా ఇంట్లోనే ఉండటం మన దగ్గర కొత్త కాదు. ఇప్పుడు ప్రశ్న ఎందుకు వస్తోందంటే, ఉద్యోగం ఉన్నచోటే సొంత ఇల్లు కూడా ఉన్నవారికి విడిగా ఉండే స్తోమత వచ్చింది. ఆ అవకాశం వాడుకోవాలా, వద్దా అన్నదే చర్చ.

దిల్లీని ఆనుకుని ఉన్న నోయిడాలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. 1976లో పారిశ్రామిక ప్రాంతంగా మొదలైన ఈ నగరంలో నేడు ఐటీ కంపెనీలు, న్యూస్ ఛానళ్ల కార్యాలయాలు ఉన్నాయి. దిల్లీ మెట్రో బ్లూ లైన్ 2009లో ఇక్కడికి చేరింది. 2019లో ఎలక్ట్రానిక్ సిటీ దాకా పొడిగించారు. దీంతో దిల్లీలో పెరిగిన యువత ఇల్లు మారకుండానే నోయిడాలో ఉద్యోగం చేయగలుగుతోంది. హైదరాబాద్ నుంచో, విజయవాడ నుంచో వెళ్లినవారికి మాత్రం పీజీయో, అద్దె ఫ్లాటో తప్పదు. జీతం ఒకటే అయినా నెలాఖరుకు మిగిలేది ఒకటి కాదు.

ఆదా ఎంత, ఖర్చు ఎవరిది?

అద్దె, అడ్వాన్స్, వంట సామాను ఖర్చు తప్పుతుంది. నివాస గృహాలకు అడ్వాన్స్ రెండు నెలల అద్దెకు మించకూడదని ఉత్తర్‌ప్రదేశ్ 2021 అద్దె చట్టం చెబుతోంది. కొత్త ఉద్యోగికి అదీ పెద్ద మొత్తమే. మరోవైపు ద్వారక నుంచి నోయిడాకు రోజూ వెళ్లి రావడానికి గంటల సమయం పోతుంది.

లెక్కలోకి రాని ఖర్చు ఇంకొకటి ఉంది. జాతీయ గణాంక కార్యాలయం 2019 సర్వే ప్రకారం, ఇంటి పని చేసే మహిళలు దానిపై రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. సంపాదించే పిల్లలకు ‘ఉచితం’గా అందే భోజనం, ఉతికిన బట్టల వెనుక ఎక్కువగా అమ్మ శ్రమే ఉంటుంది.

ఇల్లు కొనేదాకా ఆగితే?

‘అద్దె దండగ, ఆ డబ్బుతో ఫ్లాట్ కొనుక్కో’ అన్నది పెద్దలు తరచూ ఇచ్చే సలహా. నోయిడాలో అది వేలమందికి చేదు అనుభవమైంది. ఆమ్రపాలి సంస్థ ప్రాజెక్టులు ఆగిపోయి సుమారు 42 వేల మంది కొనుగోలుదారులు ఇరుక్కుపోయారు. 2019 జులై 23న సుప్రీంకోర్టు ఆ సంస్థ రెరా రిజిస్ట్రేషన్‌ను రద్దు చేసి, నిర్మాణాన్ని ఎన్‌బీసీసీకి అప్పగించింది. చేతికి రాని ఇంటికి ఈఎంఐ, ఉంటున్న ఇంటికి అద్దె రెండూ కట్టాల్సి వచ్చిన ఇలాంటి వారికి తల్లిదండ్రుల ఇల్లే ఆసరా. అయితే ‘ఫ్లాట్ వచ్చేదాకా’ అన్న గడువు ఏళ్ల తరబడి సాగవచ్చని కూడా ఈ ఉదంతం చెబుతోంది.

ఆ ఇంటిపై హక్కు ఎవరిది?

తల్లిదండ్రుల స్వార్జిత ఇంట్లో ఉండే చట్టబద్ధ హక్కు కొడుక్కి లేదని, పెళ్లైనా కాకపోయినా వారి అనుమతి ఉన్నంతవరకే ఉండగలడని దిల్లీ హైకోర్టు 2016లో తీర్పునిచ్చింది. ఉమ్మడి కుటుంబ ఆస్తి సంగతి వేరు. అందులో కూతుళ్లకూ సమాన హక్కును ఆంధ్రప్రదేశ్ 1985 నుంచే అమలు చేయగా, దేశమంతటికీ అది 2005లో వచ్చింది.

నాన్న పేరిట ఉన్న ఇంటికి పిల్లలు ఈఎంఐ కట్టే ఇళ్లు చాలానే. కట్టినంత మాత్రాన వారు యజమానులు కారు. పన్ను మినహాయింపు పొందాలన్నా సహ యజమానిగా పేరుండాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల మధ్య వాటాల గొడవ ఇక్కడే మొదలవుతుంది.

అద్దె ఇవ్వడం తప్పా?

పాత పన్ను విధానంలో ఉన్న ఉద్యోగి, తల్లిదండ్రుల సొంత ఇంటికి వారికే అద్దె చెల్లించి హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు పొందవచ్చు. అద్దె నిజంగా చేతులు మారాలి, తల్లిదండ్రులు దాన్ని ఆదాయంగా చూపాలి. కొత్త విధానంలో ఈ వెసులుబాటు లేదు. పన్ను మాట పక్కన పెట్టినా, నెలనెలా నిర్ణీత మొత్తం ఇస్తే ఎవరు ఎవరిపై ఆధారపడ్డారన్న అనుమానం తగ్గుతుంది.

బయటి దేశాల్లో ఎలా ఉంది?

యూరోస్టాట్ లెక్కల ప్రకారం 2022లో ఐరోపా యూనియన్‌లో యువత ఇల్లు విడిచే సగటు వయసు 26.4 ఏళ్లు. ఫిన్లాండ్‌లో 21.3, క్రొయేషియాలో 33.4. పశ్చిమ దేశాల్లో అందరూ పద్దెనిమిదేళ్లకే ఇల్లు వదిలేస్తారన్నది అపోహే.

మరి ఏం చేయాలి?

ఒకే ఇంట్లో ఉండటం తప్పూ కాదు, త్యాగమూ కాదు. చెప్పుకోకుండా సాగించడమే చిక్కు. ఇంటి ఖర్చులో ఎవరి వాటా ఎంత, ఈఎంఐ కడితే దస్తావేజులో పేరు ఎవరిది, పని ఎవరు చేస్తారు అన్నవి ముందే మాట్లాడుకోవాలి. కూతురు నైట్ షిఫ్ట్ నుంచి వస్తే సంజాయిషీ అడిగి, కొడుకును అడగని ఇంట్లో ఆమెకు పొదుపు కన్నా విడి గదే మేలు కావచ్చు. పింఛనుపై బతికే తల్లిదండ్రులు సంపాదించే కొడుకును పోషిస్తున్నా అదీ అన్యాయమే. ఇవి అడగగలిగే చనువున్న ఇంట్లో ఉండిపోవచ్చు. అడగలేని ఇంటికి కాస్త దూరంగా ఉంటూ ఆదివారాలు వచ్చి వెళ్తే బంధం నిలబడుతుంది.