గడుల అంచులు: సెల్యులార్ ఆటోమాటా సాఫ్ట్‌వేర్ల చారిత్రక తులన

సెల్యులార్ ఆటోమాటా భావనకు 1940వ దశకంలో స్టానిస్లా ఉలామ్, జాన్ వాన్ నాయ్‌మన్‌ల ఆలోచనలు పునాది వేశాయి. ప్రతి గడి పొరుగు గడుల స్థితిని బట్టి మారుతుందన్నదే దాని సారాంశం. 1970లో మార్టిన్ గార్డ్‌నర్ శీర్షిక ద్వారా జాన్ కాన్వే ‘లైఫ్’ లోకానికి పరిచయమైంది. ఆ దశకం చివర వాల్డో టోబ్లర్ ఈ భావనను భూగోళశాస్త్రానికి అన్వయించాడు. దానితో గణిత సంకేతమైన గడి నేల ముక్కగా కూడా మారింది.

ఈ రెండు దృష్టుల భేదం ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లలో, ముఖ్యంగా అంచుల విషయంలో, స్పష్టమవుతుంది. 2005లో వెలువడిన గాలీలో సాధారణంగా గడుల తలానికి అంతు లేదు. యూరీ విలెన్‌స్కీ 1999లో రూపొందించిన నెట్‌లోగోలో, అమరిక మార్చకపోతే, తూర్పు అంచు పడమటి అంచుతో కలుస్తుంది. 1982లో అమెరికా సైనిక పరిశోధనశాలలో మొదలైన గ్రాస్‌లో గడికి భూమిపై నిర్ణీత స్థానం ఉంటుంది. ఎంచుకున్న ప్రాంతానికి వెలుపల విలువలు ఉండవు.

బోధనకు నెట్‌లోగో ఎంతో అనువైనది. కానీ నీటి ప్రవాహ నమూనాలో ఆ అమరికను అలాగే ఉంచితే, తూర్పున వెళ్లిపోయిన నీరు పడమట తిరిగి ప్రవేశిస్తుంది. తుది పటం ఒక్కటే చూసినవారికి ఈ దోషం అందకపోవచ్చు; నమూనా కోడ్‌నూ అమరికలనూ చదివినవారు పట్టుకోగలరు. కీత్ క్లార్క్ బృందం శాన్‌ఫ్రాన్సిస్కో అఖాత ప్రాంతానికి నిర్మించిన నగర విస్తరణ నమూనా స్లూత్ పేరిట ఇతర నగరాలకు వ్యాపించడంలో దాని కోడ్ బహిరంగంగా లభించడం తోడ్పడింది.

కనుక తులనకు వేగం ఒక్కటే కొలమానం కాజాలదు. అంచు, పొరుగు, గడులు మారే క్రమం అనే మూడింటినీ పరిశోధకుడు ప్రకటించినప్పుడే అతని ఫలితాన్ని మరొకరు పరీక్షించగలరు.