చారిత్రక కట్టడాల్లో భూతాప శీతలీకరణ: కృష్ణా డెల్టా

భవనంలోని వేడిని గొట్టాల ద్వారా నేలలోకి పంపి గదులను చల్లబరచడాన్ని భూతాప శీతలీకరణ అంటారు. చలిదేశాల్లో ఇందుకు వాడే హీట్ పంపు అనే యంత్రమే శీతాకాలంలో నేలలోని వెచ్చదనాన్ని ఇంట్లోకి తెస్తుంది. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఇల్లు వెచ్చబెట్టుకునే అవసరం ఎవరికీ రాదు. ఇక్కడ దానికి మిగిలే పని చల్లబరచడమే. అసలు చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది.

వేడినీటి బుగ్గల నుంచి కరెంటు తీయడం వేరు, ఈ శీతలీకరణ వేరు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు ప్రాంతంలోని పగిడేరు వద్ద బోరులోంచి ఉబికే వేడినీటితో సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక కేంద్రాన్ని నెలకొల్పింది. డెల్టాలో కావలసింది అంత వేడి కాదు, నేల పైపొరల్లోని ఉష్ణోగ్రత నిలకడ. నేలలో కొన్ని మీటర్ల లోతున ఉష్ణోగ్రత ఆ ప్రాంతపు ఏడాది సగటుకు దగ్గరగా ఉంటుంది. ఈ తీరంలో అది సుమారు 28 నుంచి 30 డిగ్రీలు. పుష్యమాసంలో తెల్లవారుజామున బోరు నీళ్లు గోరువెచ్చగా తగలడానికి, మే నెలలో అవే చల్లగా అనిపించడానికి కారణం ఇదే.

ఈ ప్రాంతపు పాత ఇళ్లకు ఎండను తట్టుకునే ఉపాయాలు పుట్టుకతోనే ఉన్నాయి. మండువా లోగిలిలో వేడిగాలి నడిమి ఖాళీ గుండా పైకి పోతుంది. గూన పెంకుల వరసల మధ్య గాలి ఆడుతుంది. టేకు దూలాలపై ఇటుకలు పేర్చి, గానుగ సున్నం వేసి దిమ్మిసకొట్టిన మద్రాసు టెర్రస్ మిద్దెలో పగటి వేడి లోపలికి దిగేసరికి పొద్దువాలుతుంది. సున్నపు గోడ తేమను పీల్చుకుని మళ్లీ బయటికి వదులుతుంది. దానికి సిమెంటు పూత పూసి, మండువా మీద రేకు కప్పి, కిటికీలో ఏసీ బిగిస్తే తేమ గోడలోనే చిక్కుకుంటుంది, చవుడు పట్టి పూత రాలుతుంది. మరమ్మతు పేరుతో ఎక్కువగా జరిగే నష్టం ఇదే.

భూతాప పద్ధతుల్లో చవకైనది, బయటి గాలిని నేలలో పాతిన గొట్టాల గుండా లోపలికి లాగడం. హర్యానాలోని గ్వాల్ పహాడీలో టెరీ సంస్థ తన శిక్షణ భవనానికి 4 మీటర్ల లోతున ఇలాంటి సొరంగాలు వేసింది. ఉత్తరాది పొడి వేసవికి అది సరిపోతుంది. డెల్టాలో లెక్క వేరు. 40 డిగ్రీల వేడిలో 45 శాతం తేమ ఉన్న గాలిని గొట్టంలో 31 డిగ్రీలకు దించితే, అందులోని నీటి ఆవిరి తగ్గదు కానీ తేమ శాతం 75 దాకా పెరుగుతుంది. ఒంటికి ఉక్క తగ్గదు, గోడకు బూజు ముప్పు. పైగా కాలువల కింది పొలాలున్న చోట నీరు పైపైనే ఉంటుంది కాబట్టి 4 మీటర్ల లోతు గొట్టం నీళ్లలోనే ఉండాల్సి రావచ్చు. అందుకే ఈ పద్ధతి ఇక్కడికి పనికిరాదనే చెప్పాలి.

గొట్టాల్లో తిరిగే నీటి ద్వారా వేడిని నేలలోకి పంపే హీట్ పంపు సంగతి కొంత మెరుగు. మామూలు ఏసీ తన వేడిని 40 డిగ్రీల గాలిలోకి నెట్టాలి. భూతాప యంత్రం 30 డిగ్రీల నేలలోకి నెడుతుంది. వేడిని వదిలే ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ తగ్గితే కరెంటు సుమారు 2 నుంచి 3 శాతం ఆదా అవుతుంది. ఈ యంత్రం గదిలోని తేమను కూడా తీసేస్తుంది. పాత కట్టడాలకు ఇంకో లాభం, వీధి వైపు గోడకు ఏసీ పెట్టెలు వేలాడవు. గొట్టాలు దింపడానికి ఒక టన్ను యంత్రానికి నేలను బట్టి సుమారు 50 నుంచి 75 మీటర్ల బోరు కావాలి. బాపట్ల, రేపల్లె వైపు తీపినీటి పొర కింద ఉప్పునీరు ఉండే చోట్లున్నాయి. బోరు చుట్టూ బంకమట్టితో గట్టిగా మూయకపోతే ఆ రెండూ కలిసి పక్కింటి నుయ్యి కూడా పాడవుతుంది. పైగా నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు బీటలిస్తుంది. కాబట్టి పునాది పక్కన యంత్రంతో తవ్వే ముందు ఇంజనీరు చూసి తీరాలి. బాపట్ల భావనారాయణస్వామి ఆలయ గాలిగోపురం 2011 అక్టోబరులో కుప్పకూలింది. శతాబ్దాల కట్టడాన్ని ఎంత ఆచితూచి తాకాలో ఈ ఊరికి కొత్తగా చెప్పక్కర్లేదు.

మొదట చెప్పిన చిక్కు ఇదీ: చలిదేశాల్లో శీతాకాలం నేలలోని వేడిని తిరిగి తీసేసుకుంటుంది. ఇక్కడ ఏడాదంతా వేడిని నింపడమే తప్ప తీసేది లేదు కాబట్టి కొన్నేళ్లకు బోరు చుట్టూ నేల వెచ్చబడుతుంది. దానికి విరుగుడు బోర్లను దూరదూరంగా వేయడం, లేదా ఆ వేడితో నీళ్లు కాచుకోవడం. ఆసుపత్రి, హోటలు, సత్రం వంటి చోట్ల రెండోది బాగా అమరుతుంది.

ఈ యంత్రాలు కొత్తవేమీ కావు. అమెరికాలో పోర్ట్‌లాండ్‌లోని ఈక్విటబుల్ భవనం 1948లోనే భూగర్భజలంతో నడిచే హీట్ పంపు పెట్టుకుంది. న్యూయార్క్ సెయింట్ ప్యాట్రిక్ కేథడ్రల్ 2017లో 10 బోర్లతో భూతాప వ్యవస్థను ప్రారంభించింది. భారత ప్రభుత్వం 2025 సెప్టెంబరులో ప్రకటించిన జాతీయ భూతాప విధానంలో ఈ హీట్ పంపులకు కూడా చోటుంది.

ఇల్లు బాగుచేయించుకోదలచిన వారు ముందు సిమెంటు పూత తీయించి సున్నం వేయించాలి, కప్పు సరిచేయించాలి, మండువా మీది రేకు తీసేయాలి. ఆ తరువాతా ఉక్క తగ్గకపోతేనే బోరు సంగతి ఆలోచించాలి. అదీ పగలంతా జనం ఉండే గ్రంథాలయం, ఆసుపత్రి వంటి చోట్లకే గిట్టుబాటు. ఒక్క కుటుంబం ఉండే లోగిలికి ఆ ఖర్చు దండగ.