పాత కారే గట్టిదా?

"ఈ కాలం కార్లన్నీ అగ్గిపెట్టెలండీ. కారంటే అంబాసిడరే. ట్యాంకులా ఉండేది. గుద్దినా ఏమీ అయ్యేది కాదు." ఈ మాట మీరూ వినే ఉంటారు. సూరత్ దగ్గర జోల్వాలో, మరమగ్గాల మధ్య ఉన్న మా తెలుగువాళ్ళ నోటా నేను చాలాసార్లు విన్నాను. బాగా చదువుకున్నవాళ్ళు కూడా అంటారు. ఇది నిజమో కాదో నమ్మకంతో తేల్చనక్కర్లేదు, చరిత్ర చూస్తే తేలుతుంది.

అంబాసిడర్‌కి గుజరాత్‌తో చుట్టరికం ఉంది. దాన్ని తయారుచేసిన హిందుస్తాన్ మోటార్స్ 1942లో ఈ రాష్ట్రంలోని ఓఖా రేవులోనే మొదలైంది. 1948లో బెంగాల్‌లోని ఉత్తర్‌పారాకి తరలిపోయింది. 1957లో అక్కడ అంబాసిడర్ తయారీ మొదలైంది. అది ఇంగ్లండులో అప్పటికి ఏడాది కిందటే వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారే. నాలుగు తలుపులు, వెనకాల పెద్ద డిక్కీ, ఇంటిల్లిపాదీ పట్టే సీట్లు.

ఇంగ్లండులో ఆ మోడల్ 1959లో ఆగిపోయింది. దాని స్థానంలో కొత్తది వచ్చింది. మన దగ్గర మాత్రం 2014 మే దాకా, అంటే 57 ఏళ్ళు నడిచింది! మధ్యలో మార్క్-2 (1962), మార్క్-3 (1975), మార్క్-4 (1979), నోవా (1990) అంటూ పేర్లు మారాయి. ముందు జాలీ మారింది, లైట్లు మారాయి. డీజిల్ ఇంజను, తర్వాత ఇసుజు ఇంజను వచ్చాయి. ఒంటి ఆకారం మాత్రం ఇంచుమించు అదే.

ఎందుకు మారలేదు? మారాల్సిన అవసరం రాలేదు కాబట్టి. లైసెన్సుల రాజ్యంలో విదేశీ కార్లకి తలుపులు మూసేశారు. పోటీ అంటే ఫియట్, స్టాండర్డ్ అంతే. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసే జనం ఉన్నప్పుడు, ఇంకా మంచి కారు చెయ్యాలని ఎవరికి పడుతుంది? 1983లో మారుతి వచ్చాకే కదలిక మొదలైంది. 1998లో మన దేశానికి వచ్చిన హోండా సిటీని చూడండి, 2020 నాటికి ఐదో తరంలో ఉంది. మా జోల్వా చుట్టుపక్కల షెడ్లలో షటిల్ మగ్గాలు తీసేసి వాటర్‌జెట్ మగ్గాలు వేసుకుంటున్నారు. తాతలనాటి మగ్గమని ఏ యజమానీ దాన్ని పట్టుకు వేలాడడు. పరీక్షకి నిలబెట్టని వస్తువు మారదు. నమ్మకమూ అంతే.

ఇప్పుడు 1959 దగ్గరికి మళ్ళీ వద్దాం. ఇంగ్లండు ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌ని ఆపేసిన ఆ ఏడాదే స్వీడన్‌లో వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ రూపొందించిన మూడు బిందువుల సీటు బెల్టు కార్లలోకి వచ్చింది. వోల్వో ఆ పేటెంటుని అందరూ వాడుకోవడానికి వదిలేసింది. ఆ ఏడాదే జర్మనీలో బెంజ్ కంపెనీ, గుద్దినప్పుడు ముందు భాగం నలిగిపోయేలా తయారుచేసిన కారుని అమ్మకానికి పెట్టింది. నలగడం లోపం కాదు. గుద్దుడులోని శక్తిని ఆ రేకు మింగుతుంది. రేకు నలగకపోతే ఆ దెబ్బ లోపలున్న మనిషికి తగులుతుంది. "బండికి ఏమీ కాలేదు" అని మురిసిపోయేవాళ్ళు మనిషికి ఏమైందో అడగాలి.

2009లో అమెరికాలో బీమా కంపెనీల రహదారి భద్రతా సంస్థ ఈ సంగతిని పరీక్షించి చూపించింది. 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్ ఒకవైపు, 2009 నాటి షెవర్లే మాలిబు ఇంకోవైపు. రెంటినీ గంటకి 64 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా గుద్దించారు. "గట్టి" పాత కారులో మనిషుంటే బతికేవాడు కాదని తేలింది. కొత్త కారులో ఉన్నవాడికి కాలి గాయంతో పోయేది.

బెల్టు సంగతి మన చట్టానికి పట్టింది 1994లో. కొత్త కార్లకి ముందు సీట్లలో బెల్టులు ఉండాలన్నారు. అది కూడా కంపెనీలకి పెట్టిన నియమం. పెట్టుకోవడం మన పని. మాకు దగ్గరలోని కడోదరా, పల్సాణా మీదుగా ముంబై వెళ్ళే 48వ నెంబరు జాతీయ రహదారి మీదే, పాల్‌ఘర్ దగ్గర, 2022 సెప్టెంబరు 4న సైరస్ మిస్త్రీ చనిపోయారు. ఆయన ఖరీదైన బెంజ్ కారులో, వెనక సీట్లో, బెల్టు లేకుండా ఉన్నారు. కారు కొత్తదైనా, లోపలి మనిషిని పట్టి ఉంచేది బెల్టే.

అదే రోడ్డు మీద వెళ్ళే ప్రతి రెండో బండికీ నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతుంటాయి. గుజరాతీలు ధనత్రయోదశికి కారు కొంటారు, మనవాళ్ళు దసరాకి కారుకి పూజ చేస్తారు. కారు చక్రాల కింద నిమ్మకాయలు నలిపేవారు, వెనక సీటు బెల్టుల్ని మాత్రం సీటు కవరు కింద కప్పేస్తారు! నిమ్మకాయ కట్టిన బండ్లు, కట్టని బండ్లు విడివిడిగా లెక్కపెట్టి చూశారా ఎవరైనా? బెల్టుని మాత్రం బొమ్మల్ని కూర్చోబెట్టి వేలసార్లు పరీక్షించారు.

ఈసారి ఊరికి బయల్దేరేముందు వెనక సీటు కవరు ఎత్తి, బెల్టు కొక్కేలు బయటికి తియ్యండి. పిల్లలు కూర్చునేది అక్కడే కదా?