అస్సాం రైఫిల్స్: జరుగుతూ వచ్చిన హద్దు, జోడు పెత్తనం

అస్సాం రైఫిల్స్ జీతభత్యాలు కేంద్ర హోంశాఖ చూస్తుంది, కార్యక్షేత్రంలో ఆదేశాలు సైన్యం ఇస్తుంది. డైరెక్టర్ జనరల్‌గా కూర్చునేది సైన్యపు లెఫ్టినెంట్ జనరలే. ఈ జోడు పెత్తనం మీద ఢిల్లీలో ఏళ్ల తరబడి ఫైళ్లు నడిచాయి, వ్యాజ్యం కోర్టుకూ ఎక్కింది. దీన్ని రెండు శాఖల తగాదాగా మాత్రమే చూస్తే సగమే తెలుస్తుంది. ఈ దళం కాసిన హద్దు ఒకచోట నిలవలేదు. లోపలి నుంచి బయటికి జరిగింది. చిక్కుముడి పడింది ఆ క్రమంలోనే.

1835లో కచార్ లెవీ పేరుతో దాదాపు 750 మందితో ఇది మొదలైంది. కొండల మీంచి వచ్చే దాడుల నుంచి లోయల్లోని ఊళ్లను, ఆ తర్వాత వెలిసిన తేయాకు తోటలను కాయడం దాని పని. 1873 నిబంధనతో గీసిన ఇన్నర్ లైన్ మైదానానికీ కొండలకూ నడుమ గీత. విదేశంతో హద్దు కాదు. అంటే తుపాకీ గురి కొండవాసుల వైపే ఉండేది. ఫ్రాంటియర్ పోలీస్, మిలిటరీ పోలీస్ అని పేర్లు మారి, మొదటి ప్రపంచయుద్ధంలో గూర్ఖా పటాలాలకు మనుషులను పంపినందుకు గుర్తింపుగా 1917లో 'రైఫిల్స్' అయింది. అదే ఏడాది మణిపూర్ కొండల్లో రగిలిన కుకీ తిరుగుబాటును అణచడంలోనూ ఈ దళానికి పాత్ర ఉంది. గౌరవమూ అణచివేతా ఒకే ఏడాది పద్దులో పడ్డాయి. దళం కీర్తిగాథల్లో మొదటిదానికి దక్కే చోటు రెండోదానికి దక్కదు.

స్వాతంత్ర్యం తర్వాత గురి మారింది. 1951 ఫిబ్రవరిలో తాంఖుల్ నాగా అధికారి మేజర్ బాబ్ ఖాతింగ్ సుమారు 200 మంది అస్సాం రైఫిల్స్ జవాన్లతో తవాంగ్ చేరి భారత పాలనను నెలకొల్పాడు. ఒకప్పుడు ఏ కొండజాతుల మీదికి ఈ దళాన్ని నడిపారో, ఆ జాతుల్లో ఒకటైన నాగాల బిడ్డ ఇప్పుడు దాన్ని నడిపించాడు. అప్పట్లో తవాంగ్ ఉన్న నేఫా (నేటి అరుణాచల్ ప్రదేశ్) ప్రాంతమూ ఈ దళమూ విదేశాంగశాఖ కిందే ఉండేవి. 1959 మార్చిలో దలైలామాను సరిహద్దు దగ్గర అందుకుని వెంట నడిచిందీ ఈ జవాన్లే. అదే ఏడాది ఆగస్టులో అక్కడి లాంగ్జూ ఠాణాపై చైనా సేన కాల్పులు జరిపింది. ఆ వెంటనే నెహ్రూ ప్రభుత్వం ఆ సరిహద్దు బాధ్యతను సైన్యానికి అప్పగించింది. 1965లో విదేశాంగశాఖ స్థానంలోకి హోంశాఖ వచ్చింది. సైన్యం ఆదేశం మాత్రం అలాగే నిలిచిపోయింది. నేటి జోడు పెత్తనం ఎవరో కూర్చుని రచించిన ప్రణాళిక కాదు. ఒక సంక్షోభం మీద ఇంకో సంక్షోభం పేర్చిన అమరిక.

2002 నుంచి 1,643 కిలోమీటర్ల మయన్మార్ సరిహద్దు కాపలా దీనిదే. రోడ్లు లేక చాలా స్థావరాలు సరిహద్దు రేఖకు వెనకే ఉంటాయి. అదీగాక, ఆ రేఖ నాగాలాండ్‌లోని లోంగ్వాలో గ్రామపెద్ద ఆంగ్ ఇంటి మధ్యనుంచే పోతుంది. ఇటువైపు కోన్యాక్ నాగాలకు అటువైపు పొలాలు, చుట్టాలు. ఇరువైపులా 16 కిలోమీటర్ల వరకు ఉన్న స్వేచ్ఛా రాకపోకలను 2024 డిసెంబరులో 10 కిలోమీటర్లకు కుదించి, పాస్‌ల జారీని అస్సాం రైఫిల్స్‌కు అప్పగించారు. ఊరివాళ్ల కాగితాలు చూడటం పోలీసు తరహా పని. దానికి కూర్చున్న జవాను సైన్యం ఆదేశాల కింద ఉన్నవాడు.